డిర్క్‌ను నిలబెట్టుకున్న డాలస్, లూకాను వదులుకున్న డాలస్

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలో ఆడే డాలస్ మావెరిక్స్ జట్టు అభిమానిగా నన్ను బాధపెట్టేది ఓటములు కాదు, ఓటమి తర్వాత యాజమాన్యం తీసుకునే నిర్ణయాలు.

2006 ఫైనల్స్‌లో మయామీపై 2-0 ఆధిక్యంలో ఉండి కూడా ఓడిపోయాం. మరుసటి సీజన్‌లో 67 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) మొదటి రౌండ్‌లోనే, ఎనిమిదో స్థానంతో వచ్చిన గోల్డెన్ స్టేట్ చేతిలో ఇంటిదారి పట్టాం. మా స్టార్ ఆటగాడు డిర్క్ నొవిట్స్కీతో కప్పు రాదని చాలామంది తేల్చేశారు. అయినా అతన్ని వదలలేదు. చుట్టూ ఉన్నవాళ్లను మార్చారు. జేసన్ కిడ్ వచ్చాడు, తర్వాత టైసన్ చాండ్లర్ వచ్చాడు. 2011లో అదే మయామీని 4-2తో ఓడించాం. ఆ ఓపిక విలువ అప్పుడు తెలిసింది.

తర్వాతి స్టార్ లూకా డాన్చిచ్ విషయంలో ఆ ఓపిక ఏమైంది? 2024లో జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లాడు. ఏడాది కూడా తిరగకుండానే, 2025 ఫిబ్రవరిలో లేకర్స్‌కు ఇచ్చేశారు. అప్పటికి అతనికి 25 ఏళ్లే! బదులుగా వచ్చింది 31 ఏళ్ల ఆంథనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, ఒకే ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశం). డిఫెన్స్ కోసమే అన్నారు. డేవిస్ గొప్ప డిఫెండరే, కాదనను. కానీ గాయాల చరిత్ర అందరికీ తెలిసిందే, మా తరఫున మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు.

డ్రాఫ్ట్‌లో మొదట ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ 1.8 శాతం అవకాశంతోనే మాకు తగిలి, యువ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. సంతోషమే. అయితే అది అదృష్టం, ప్లానింగ్ కాదు. లూకాను ఇచ్చేసిన జనరల్ మేనేజర్‌ను 2025 నవంబర్‌లో తీసేశారు, లూకా మాత్రం తిరిగి రాడు.