అంగన్‌వాడీ భోజనం: అక్కడే తినడం మేలా, ఇంటికి తెచ్చుకోవడం మేలా?

గర్భిణుల తిండి గురించి ఎప్పుడు రాసినా ఇదే ప్రశ్న వస్తోంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళి వేడి భోజనం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అమృతహస్తం పథకం రోజుల్లో ఇదే పద్ధతి. కోవిడ్ వచ్చాక అక్కడ సరుకులు ఇంటికిచ్చారు, 2023 జూలై నుంచి గర్భిణులకు, బాలింతలకు సరుకుల కిట్టు ఇంటికే ఇచ్చే ఏర్పాటు చేశారు. సరిహద్దు ఊళ్ళలో వియ్యాలు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి పోల్చుకోవడం మామూలే. "మా ఆడపడుచు వాళ్ళకు ఇంటికే వస్తోంది, మాకెందుకీ తిరుగుడు?" అని అడుగుతారు.

సరుకుల జాబితా చూస్తే కిట్టుదే పైచేయి. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు కాక రాగిపిండి, అటుకులు, బెల్లం, పల్లీ చిక్కీ, ఎండు ఖర్జూరం ఉంటాయి. కేంద్రంలో అన్నం, పప్పు లేదా సాంబారు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ అందాలంటుంది. ఆ లెక్క దగ్గర నాకు పెద్ద పేచీ లేదు.

నేను చూసేది ఒక్కటే: ఆ గుడ్డు చివరికి ఎవరు తింటున్నారు?

కిట్టులో పాతిక గుడ్లు వచ్చాయనుకుందాం. ఇంట్లో అత్తమామలు, భర్త, పెద్దపిల్లాడు, ఆ గర్భిణి. తలా ఒకటి చొప్పున ఐదు పూటల కూర అయ్యాక ట్రే ఖాళీ. ఆమె వంతుకు వచ్చినవి ఐదు, అవీ అందరూ తిన్నాక మిగిలితేనే. పాల ప్యాకెట్లు పొద్దున టీకి పోతాయి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పేదింట్లో గుడ్డు వస్తే పిల్లాడికి పెట్టకుండా తల్లి ఎలా తింటుంది? కానీ నెలకు సరిపడా లెక్కేసి ఇచ్చిన తిండి వారంలో అయిపోయి, మిగతా రోజులు ఆమె పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే అలవాటుకు ఇందులో పెద్ద వాటా ఉందని నా నమ్మకం.

కేంద్రంలో అలా కాదు. ఆయా గుడ్డు ఒలిచి కంచంలో పెడుతుంది, టీచర్ ఎదురుగా ఉంటుంది. అక్కడ కూడా గుడ్డును చెంగులో దాచుకుని పిల్లాడికి తీసుకెళ్ళే తల్లులు ఉన్నారు. "వాడికి వేరే వస్తుందమ్మా, ఇది నీది, ఇక్కడే తినేసి వెళ్ళు" అని టీచర్ ఒకటికి రెండుసార్లు చెబితే తింటారు. ఇంట్లో ఆ మాట చెప్పేవాళ్ళు ఎవరు?

ఇంకో లాభం, ఆ పూట మాటలు. చార్టు చూపించి చెప్పే పాఠం కన్నా కంచం ముందు చెప్పిన మాట గుర్తుంటుంది. ఐరన్ మాత్ర పాలతోనో టీతోనో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. కాస్త ఎడం ఇచ్చి నీళ్ళతో వేసుకోవాలి, అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది. మాత్ర పడక వాంతి వస్తోందని ఒకామె అంటే, పక్కనున్న రెండో కాన్పు ఆమె తాను రాత్రి పడుకునే ముందు వేసుకుంటున్నానని చెబుతుంది. కిట్టు కోసం వచ్చి సంతకం పెట్టి వెళ్ళేవాళ్ళకు ఈ మాటలు దొరకవు.

అయితే పత్తి ఏరే రోజుల్లో, మిరపకోతల్లో పొద్దున్నే ఆటో ఎక్కి చేలకు పోయే ఆడవాళ్ళకు మధ్యాహ్నం కేంద్రానికి రమ్మనడం కుదిరే పని కాదు. కూలి వదులుకుని ఎవరూ రారు. తండా నుంచి కేంద్రం దూరమైతే ఏడో నెల కడుపుతో ఎండలో నడిపించడమూ తప్పే. "మా కోడలు అక్కడ కూర్చుని తినడమా" అని నామోషీగా భావించే ఇళ్ళూ ఉన్నాయి. వీళ్ళకు కిట్టే దిక్కు.

బాలింత సంగతి మరీ వేరు. పురుడయ్యాక మొదటి వారాల్లో ఆమె గడప దాటదు, కాబట్టి అప్పుడు కిట్టే నయం. కానీ పథ్యం పేరుతో గుడ్డు, పప్పు, ఆకుకూరలు మాన్పించే ఇంట్లో ఆ కిట్టు ఎవరికి? అక్కడ మాట్లాడాల్సింది బాలింతతో కాదు, అత్తగారితోనో పురుడు పోసిన అమ్మతోనో. టీచర్, ఆశా కలిసి ఇంటికెళ్ళి, "పాలు పడాలంటే పప్పు తినాలి అత్తమ్మా" అని పెద్దావిడకు చెబితేనే కంచంలో పప్పు పడుతుంది. పురిటికి పుట్టింటికి వెళ్ళేవాళ్ళు ముందుగానే టీచర్‌కు చెప్పి, పేరు అక్కడి కేంద్రానికి మార్పించుకోవాలి. లేకపోతే కొన్ని నెలలు అటూ కాకుండా ఇటూ కాకుండా పోతాయి.

సరుకుల బదులు డబ్బు వేస్తే పోలేదా అనేవాళ్ళున్నారు. డబ్బు అప్పులకో ఆసుపత్రి ఖర్చులకో పోతుంది, అదీ అవసరమే గానీ తిండికి బదులు కాదు. పెరటి తోట మంచిదే, పెరడంటూ ఉంటే.

నన్నడిగితే గర్భిణికి, నడిచి వెళ్ళే దూరంలో కేంద్రం ఉంటే, అక్కడి భోజనమే. కిట్టు ఒక్కటే దొరికే చోట గుడ్లన్నీ ఒకేసారి కూర వండకండి. రోజుకొకటి ఉడకబెట్టి, అందరికీ వడ్డించక ముందే ఆమెకు పెట్టండి. పాలు టీలో కలపకుండా విడిగా ఒక గ్లాసు ఇవ్వండి. రాగిపిండి జావ కాచి, కిట్టులోని బెల్లం వేసి పొద్దున్నే తాగిస్తే మధ్యాహ్నం దాకా నీరసం రాదు. పిల్లాడు గుడ్డు కావాలని మారాం చేస్తే వాడికి కేంద్రం నుంచి వచ్చేది వాడికి పెట్టండి.