కొత్త స్టార్టర్ అని పాతదానికి రంగు వేసి అంటగడుతున్నారు: బోటు ఉన్నవారు జాగ్రత్త పడండి

శ్రీకాకుళంలో బోటు సామాను కొనేవారందరికీ ఆ దుకాణం తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. ఈ ఉదయం అక్కడ జరిగినది మరొకరికి జరగకూడదని, కోపం ఇంకా చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నాది కళింగపట్నంలో ఫైబర్ బోటు, డీజిల్ ఇంజను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో బోటు ఒడ్డునే ఉప్పుగాలికి పడి ఉంది. నిషేధం ముగిశాక తాళం తిప్పితే ఇంజను తిరగలేదు, ఇంజనును తిప్పి లేపే మోటారు, అదే స్టార్టర్, దాని దగ్గర 'టక్' మన్న శబ్దం ఒక్కటే వచ్చింది. సుత్తితో స్టార్టర్ మీద నాలుగు దెబ్బలు వేస్తే ఒకసారి తిరిగింది, ఆ తరువాత మళ్ళీ అదే టక్. దెబ్బకు లొంగింది కాబట్టి జబ్బు స్టార్టర్‌లోనే ఉందని తీర్పు చెప్పుకున్న మహా మేధావిని నేనే. బోల్టులు విప్పి, స్టార్టర్‌ను గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను.

దుకాణం యజమాని దానిని నేల మీద పెట్టి, బల్ల కింద ఉన్న పాత బ్యాటరీకి రెండు సన్నని తీగలు తగిలించి, స్టార్టర్ కొద్దిగా వణికి ఊరుకోగానే "ఆర్మేచర్ కాలిపోనాదండీ, ఇది తుక్కే" అని తేల్చేశాడు. ఆర్మేచర్ అంటే మోటారు లోపల తిరిగే తీగచుట్ట. తిరగడం మొదలుపెట్టేటప్పుడు వందకు పైగా ఆంపియర్లు లాగే మోటారు, ఇంట్లో బల్బుకు వాడే తీగతో తిరుగుతుందా అన్న ఆలోచన ఆ క్షణంలో నాకు రాలేదు. కొత్తది 9,500 రూపాయలన్నాడు, పాతది వదిలేస్తే 1,500 తగ్గిస్తానన్నాడు, బిల్లు కావాలంటే జీఎస్టీ అదనమన్నాడు. బిల్లు వద్దని, 8,000 ఫోనులో పంపి, లాభపడ్డానన్న సంతోషంతో ఇంటికి వచ్చాను.

కొత్త స్టార్టర్ రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడవ రోజు వల లాగడం కోసం ఇంజను ఆపి, తిరిగి తాళం తిప్పేసరికి మళ్ళీ అదే టక్. వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి రావలసిన సమయంలో ఇంజను లేకపోతే ఏమవుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. లంగరు వేసుకుని కూర్చుంటే, దయగల మరొక బోటువారు తాడు కట్టి లాక్కొచ్చారు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్న మా మేనల్లుడు మీటరు పట్టుకుని వచ్చాడు. బ్యాటరీ నుంచి నేరుగా తీసిన లైటును వెలిగించి, నన్ను తాళం తిప్పమన్నాడు. లైటు ఏమాత్రం మసకబారలేదు. "మామయ్యా, స్టార్టర్ కరెంటు లాగితే లైటు కుంగాలి. ఇక్కడ కరెంటు దాని దాకా పోవడమే లేదు" అన్నాడు. తరువాత మీటరు తీగలలో ఒకదానిని బ్యాటరీ మైనస్ మీద, రెండవదానిని ఇంజను ఒంటి మీద ఆనించి మళ్ళీ తాళం తిప్పిస్తే ఆరు వోల్టులు చూపించింది. ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు కలిపే కేబుల్, బాగుంటే అక్కడ అర వోల్టు కూడా దాటకూడదట. ఎర్త్ కేబుల్ చివర, బోల్టుకు బిగించే లోహపు కొస అయిన లగ్గు దగ్గర రబ్బరు కోసి చూస్తే, లోపలి రాగి తీగలు పచ్చని చిలుము పట్టి, వేలితో నలిపితే పొడిగా రాలాయి. పైకి మాత్రం కేబుల్ నిగనిగలాడుతూనే ఉంది. సుత్తి దెబ్బలకు, స్టార్టర్ మార్చినప్పుడు కేబుల్‌ను మెలిపెట్టినందుకు ఆ తీగలు కాసేపు తగులుకోవడం వల్లనే ఇంజను తిరిగింది. మరమ్మతుకు కొత్త కేబుల్, రెండు లగ్గులు కలిపి 280 రూపాయలు అయ్యాయి. నా పాత స్టార్టర్‌కు ఏ జబ్బూ లేదు.

అనుమానం వచ్చి 'కొత్త' స్టార్టర్ వెనుక మూత విప్పాము. స్క్రూల గాడులలో రంగు గడ్డకట్టి ఉంది. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి అరిగి గోరంత మిగిలాయి.

ఈ ఉదయం దానిని తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన వేరొకరితో బేరంలో ఉన్నాడు. బల్ల మీద, పలుచని ప్లాస్టిక్ కవరులో, నల్లగా మెరిసిపోతున్న స్టార్టర్ ఒకటి ఉంది. దాని నడుము మీద, పక్క బోల్టుకు రెండు వేళ్ళ దూరంలో, నెలవంకలాంటి సొట్ట. అది నా సుత్తి అంచు చేసిన సొట్ట. రంగు దానిలోకి దిగి మరింత స్పష్టంగా కనిపిస్తోంది. వారం కిందట తుక్కు అన్న వస్తువును, నా కళ్ళెదుటే, నాలాంటి మరొక బోటు మనిషికి "కంపెనీ సీలు, ఇప్పుడే దిగింది" అంటూ చూపిస్తున్నాడు. ఇది నాదేనని చెప్పాను. ఆయన తడబడను కూడా లేదు. "ఏటండీ, ఇనప ముక్క మీద మీ పేరు రాసుందేటి?" అన్నాడు. తన దగ్గర కొన్నదానిని బల్ల మీద పెట్టి డబ్బు అడిగితే, "బిల్లు చూపించండి" అన్నాడు. ఆ మాట అంటూ నవ్విన నవ్వే ఇంకా కళ్ళ ముందు ఉంది. బిల్లు వద్దన్నది నేనే కదా, నవ్వడా మరి! కొనడానికి వచ్చిన మనిషి కూడా నన్నే పిచ్చివాడిలా చూసి, తల దించుకుని డబ్బు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఫోనులో డబ్బు పంపిన రుజువు ఉంది కనుక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. ఏమవుతుందో చూడాలి.

స్టార్టర్ విప్పే ముందు, గేరు న్యూట్రల్‌లో పెట్టి, జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ను నేరుగా ఇంజను ఒంటికి కలిపి ఒకసారి తాళం తిప్పండి. ఇంజను తిరిగితే దుకాణానికి వెళ్ళే పని లేదు. వెళ్ళవలసివస్తే బిల్లు తీసుకోండి, పాతది వదలకండి.

నెలవంక సొట్ట ఉన్న నల్లని స్టార్టర్‌ను ఈ ఉదయం కొన్న అన్నగారు ఇది చదువుతుంటే, దిగులు పడకండి, అది చాలా మంచి స్టార్టర్. అది పెట్టాక కూడా మీ ఇంజను టక్‌మని ఊరుకుంటే, ముందు మీ ఎర్త్ కేబుల్ కోసి చూసుకోండి.