ఫుట్ ఓవర్ బ్రిడ్జా, నేలమీది క్రాసింగా: పెద్దవాళ్లకు ఏది మేలు?

పార్కు ఎంత బాగున్నా నాలుగు లేన్ల రోడ్డుకు అవతల ఉంటే, డెబ్బై దాటినవాళ్లకు అది లేనట్టే. అందుకే పెద్దవాళ్లు నడిచి తిరిగే ఊరు కావాలంటే వాకింగ్ ట్రాక్ కంటే ముందు రోడ్డు దాటే సంగతి తేల్చాలి.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి చూడగానే భద్రంగా అనిపిస్తుంది. మనుషులు పైన, బండ్లు కింద. కానీ ఒకసారి లెక్క వేయండి. కింద నుంచి లారీలు పోవాలంటే దాదాపు అయిదున్నర మీటర్ల ఎత్తుండాలి. మెట్టు 15 సెంటీమీటర్లయితే ఎక్కడానికి 36కు పైనే, దిగడానికి మళ్లీ అన్ని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అడగండి, దిగడమే ఎక్కువ నరకం అంటారు. పోనీ ర్యాంపు కడదామా? వీల్‌చెయిర్‌కు పనికొచ్చే 1:12 వాలు, అంటే మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు పెడితే ఒక్కో వైపు 66 మీటర్లు సాగుతుంది. అంటే 15 మీటర్ల రోడ్డు దాటడానికి 130 మీటర్లకు పైగా నడక! లిఫ్టు పెడితే గండం గట్టెక్కినట్టే, అది పనిచేసినన్నాళ్లు. పాడైన రోజు నుంచి జనం మళ్లీ డివైడర్ దాటడం మొదలుపెడతారు, తిట్లూ వాళ్లకే. నన్నడిగితే ఇలాంటి బ్రిడ్జి కట్టేది బండ్లు ఆగకుండా పోవడానికి. పేరు మాత్రం పాదచారులది.

సబ్‌వే గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అవే మెట్లు, పైగా చీకటి.

సిగ్నల్ ఉన్న క్రాసింగ్‌లో మెట్ల బాధ లేదు, టైముతోనే పేచీ. చాలాచోట్ల సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారన్న లెక్కతో పచ్చలైటు పెడతారు. ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ల నడక కొలిస్తే సగటున మగవాళ్లది 0.9, ఆడవాళ్లది 0.8 మీటర్లే వచ్చింది. 15 మీటర్ల రోడ్డుకు 12.5 సెకన్లు ఇచ్చారనుకోండి. 0.8 వేగంతో నడిచే ఆవిడ అప్పటికి 10 మీటర్ల దగ్గరే ఉంటుంది. ఇంకా అయిదు మీటర్లు మిగిలుండగానే బైకులు రయ్యిమంటాయి. ఆ టెన్షన్ రెండుసార్లు పడ్డవాళ్లు మూడోసారి ఇల్లు కదలరు.

దీనికి మందు ఉంది. సింగపూర్‌లో 2009 నుంచి కొన్ని క్రాసింగుల దగ్గర వృద్ధులు తమ కార్డు తాకిస్తే పచ్చలైటు మరికొన్ని సెకన్లు వెలుగుతుంది. అంత ఏర్పాటు కుదరకపోతే రోడ్డు మధ్యలో ఆగడానికి చోటివ్వండి. కనీసం రెండు మీటర్ల వెడల్పుండాలి, చేతికర్రతో వచ్చినవాళ్లూ, పక్కన పట్టుకున్నవాళ్లూ నిలబడేలా. అప్పుడు ఒక్కసారికి సగం రోడ్డే, ఒకవైపు బండ్లు చూసుకుంటే చాలు. అయితే ఆ చోటికి గట్టు ఎక్కి దిగాల్సి వస్తే మాత్రం పెట్టీ దండగే.

కాలనీ లోపలి రోడ్లకు ఎత్తు పెంచిన క్రాసింగే నా ఓటు. అక్కడ రోడ్డే ఫుట్‌పాత్ ఎత్తుకు లేస్తుంది, కాబట్టి మనిషి దిగనక్కర్లేదు, బండే ఎక్కి దిగాలి. డ్రైవర్ మంచితనం మీద ఆధారపడకుండా వేగం తగ్గుతుంది. వాననీరు పోయే దారి మాత్రం ముందే చూసుకోవాలి, లేదంటే అంచుల దగ్గర మడుగులే. బస్సులు, అంబులెన్సులు అస్తమానం తిరిగే పెద్ద రోడ్డుకు ఇది నప్పదు, అక్కడ సిగ్నలూ మధ్య చోటూ కలిపి పెట్టాలి.

బ్రిడ్జి ఎక్స్‌ప్రెస్‌వేల మీద, రైలు పట్టాల మీద తప్పదు. మెట్రో స్టేషన్ ఎలాగూ పైనే ఉంటే అక్కడా సరే. మిగతాచోట్ల ఇప్పటికే కట్టేసి ఉంటే కూల్చనక్కర్లేదు, కింద డివైడర్‌కు సందు తీసి ఒక సిగ్నల్ పెట్టండి చాలు.