లక్నవరం దీవిలో శరత్కాలపు బస

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువును చూసి వచ్చేవారు వేలల్లో ఉంటారు గాని, అక్కడ రాత్రి ఉండి వచ్చేవారు తక్కువ. పొద్దున బయలుదేరి, వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, పడవలో ఒక చుట్టు తిరిగి, పొద్దు వాలకముందే హనుమకొండకు మళ్ళిపోయేవారికి ఇది మరొక పిక్నిక్ స్థలంగానే మిగిలిపోతుంది. దీవి మీది కాటేజీలో బస చేస్తే అంతకన్నా ఎక్కువేమి దక్కుతుంది, పెట్టిన డబ్బుకు అది తగినదేనా అన్నది ఇక్కడ రాయదలచుకున్న విషయం. తగినదేనని నా అభిప్రాయం. అయితే ఆ విలువ గదిలో దొరకదు. సాయంత్రం సందర్శకులంతా వెళ్ళిపోయిన తర్వాతి గంటల్లోనూ, మర్నాడు వాళ్ళు మళ్ళీ రాకముందటి గంటల్లోనూ దొరుకుతుంది.

వెళ్ళవలసిన కాలం గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఈ చెరువు అన్ని నెలల్లో ఒకే తీరుగా ఉండదు. కాకతీయుల కాలంలో కొండల నడుమ ఉన్న మూడు ఇరుకు సందులకు కట్టలు వేసి నిలిపిన నీరు ఇది. నేటికీ కింద ఆయకట్టు సాగవుతూనే ఉంది. వానాకాలంలో నిండి మత్తడి దూకే చెరువు, యాసంగి పంటకు తూములు ఎత్తిన తర్వాత క్రమంగా దిగిపోతుంది, ఎండాకాలం వచ్చేసరికి దీవుల చుట్టూ ఎర్రమట్టి అంచు బయటపడుతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో మాత్రం నీరు చెట్ల మొదళ్ళ దాకా నిలిచి ఉంటుంది, ఆకాశం కడిగినట్టు తేటపడుతుంది, వాన భయం చాలావరకు తీరిపోతుంది. మన అడవుల్లో టేకు ఆకు రాలేది శీతకాలం ముదిరిన తర్వాతే కాబట్టి, ఈ రోజుల్లో కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి. ఆకులు రంగులు మారే దృశ్యం కోసం వచ్చేవారు నిరాశపడవచ్చు గాని, నిండు చెరువును, పచ్చని కొండను ఒకేసారి చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి అదను లేదు.

హైదరాబాదు నుంచి సుమారు 220 కిలోమీటర్లు, వరంగల్ నుంచి 75 కిలోమీటర్ల చిల్లర ప్రయాణం. ములుగు దాటి చల్వాయి దగ్గర జాతీయ రహదారిని విడిచి, బుస్సాపూర్ మీదుగా లోపలికి వెళ్ళాలి. ఈ కాలంలో దారి కూడా చూడముచ్చటగా ఉంటుంది: రోడ్డు పక్క తంగేడు పూసి ఉంటుంది, గునుగు తెల్లగా కంకులు వేసి ఉంటుంది, బతుకమ్మకు కోయగా మిగిలినవే ఇన్ని ఉంటే కోయకముందు ఎన్ని ఉండేవో అనిపిస్తుంది. గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్నవారి దగ్గర కళ్ళు విచ్చిన కాయలు కొనుక్కుంటే మర్నాటికి మగ్గుతాయి. సొంత వాహనం గాని, మాట్లాడుకున్న కారు గాని లేకుండా ఈ ప్రయాణం పెట్టుకోవద్దని నా సలహా.

వాహనాన్ని ఒడ్డునే నిలిపి, వేలాడే వంతెన మీదుగా దీవికి నడిచి వెళ్ళాలి. వంతెన పొడవు 160 మీటర్లు. సామాను మోసుకుని ఎదురుగా వచ్చే జనాన్ని తప్పించుకుంటూ, కాళ్ళ కింద ఊగే పలకల మీద నడవడం పెద్దవయసు వారికి అంత సులువు కాదు. మోకాళ్ళ నొప్పులున్నవారిని వెంట తీసుకువెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకుని సామాను తగ్గించుకోవాలి, వీలైతే జనం పలచబడే వేళకు చేరుకోవాలి. గది విషయానికి వస్తే, మంచం, స్నానాలగది, ఏసీ, నీటివైపు తెరుచుకునే వరండా, అంతే. నగరంలోని హోటళ్ళతో పోల్చి చూసేవారికి ఇందులో గొప్పేమీ కనిపించదు. గది తీసుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వరండా వంతెన వైపు ఉందా, చెరువు లోపలి వైపు ఉందా? లోపలి వైపు దొరికితే ఎంత రద్దీ రోజైనా కొంత ఏకాంతం మిగులుతుంది.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఈ చోటు జనానిదే, అందులో దాపరికం అవసరం లేదు. పిల్లల కేకలు, మోటారు పడవల రొద, ఎవరో జేబులో పెట్టుకు వచ్చిన స్పీకరు నుంచి డీజే పాటలు, ఇవన్నీ నీటి మీద రెట్టింపై వినిపిస్తాయి. తిని పారేసిన చిప్స్ పొట్లాలు ఒడ్డున తేలుతుంటాయి. ఎనిమిది వందల ఏళ్ళ నాటి చెరువుకు మన తరం చేస్తున్న మర్యాద ఇది. ఆ గంటల్లో గదిలో కునుకు తీయడమే మేలు. పడవలు ఆగి, చివరి గుంపు వంతెన దాటిన తర్వాత తేడా తెలుస్తుంది. మొదట ఇంజన్ల చప్పుడు పోతుంది, కాసేపటికి వంతెన ఊగడం ఆగి దాని తీగల నీడ నీటిలో నిటారుగా నిలుస్తుంది, అప్పటిదాకా ఎక్కడున్నాయో తెలియని నీటికాకులు ఒక్కొక్కటే వచ్చి మునిగిన చెట్ల మోళ్ళ మీద రెక్కలు చాచుకుని ఆరబెట్టుకుంటాయి. చీకటి పడ్డాక ఎదుటి కొండ మీద దీపమన్నది ఉండదు. చంద్రుడు లేని రాత్రి అయితే నక్షత్రాలు చూడటానికి, పున్నమి దగ్గరపడితే వెన్నెలలో చెరువు చూడటానికి, తిథి చూసుకుని బుక్ చేసుకోవడం తెలివైన పని.

తెల్లవారుజామున నీటి మీద పొగమంచు లేస్తుంది, కార్తీకంలో మరికాస్త దట్టంగా. ఆరు గంటల వేళకు వరండాలో కూర్చుంటే దగ్గరి దీవి తప్ప మిగిలినవేవీ కనిపించవు; ఎండ పొడచూపిన కొద్దీ ఒక్కో దీవి బయటపడుతుంది. మొత్తం పదమూడు దీవులని లెక్క చెబుతారు గాని, నీటి మట్టాన్ని బట్టి ఆ లెక్క మారుతుందేమోనని నా అనుమానం. లకుముకి పిట్ట ఒకటి వరండా ముందున్న కొమ్మ మీద నుంచి మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి దూకి, ఒకసారి చేపతో, రెండుసార్లు ఉత్త ముక్కుతో తిరిగి రావడం చూస్తూ టీ చల్లారబెట్టుకున్నాను. పగటిపూట వచ్చి పోయేవారికి అందని భాగం ఇదే.

భోజనం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పప్పు, వేపుడు, చారు, పెరుగుతో శాకాహార భోజనం ఇంటి తీరుగా ఉంది. ఉప్పు కారం పట్టించి పెనం మీద కాల్చిన చేప మాత్రం మళ్ళీ అడిగి తెప్పించుకునేలా ఉంది. దీవికి అన్ని సరుకులూ ఒడ్డు నుంచే రావాలి కనుక రాత్రి ఏమి కావాలో సాయంత్రమే చెప్పి ఉంచడం మంచిది. చిన్నపిల్లలకు పాలు, రోజూ వేసుకునే మందులు, టార్చిలైటు వెంట ఉండాలి. చీకటి పడ్డాక ఏది మరిచిపోయినా ములుగు దాకా పరుగెత్తవలసి వస్తుంది. కోతులున్నాయి, కనుక సీతాఫలాలను వరండాలో వదలకూడదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకుని ఆఫీసు పని తెచ్చుకునేవారు ఇక్కడికి రాకపోవడమే ఇరువర్గాలకూ క్షేమం.

2024 నవంబరులో ఇంకొక దీవి మీద ఈత కొలనులతో కొత్త రిసార్టు కూడా మొదలైంది. సౌకర్యాల కోసం వెతికేవారికి, కొత్తగా పెళ్ళయిన జంటలకు అది నచ్చవచ్చు. చుట్టూ ఇంత నీరుండగా మధ్యలో నీలి పలకల కొలను ఎందుకన్నది నా ఛాదస్తం. చెరువులో ఈతకు దిగడం ప్రమాదం కాబట్టి, పిల్లలున్నవారు నాతో ఏకీభవించనక్కరలేదు.

తిరుగుదారిలో పాలంపేటకు వెళ్ళి రామప్ప గుడి చూడకుండా రావడం పొరపాటు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. ఎర్రని ఇసుకరాతి గోడలకు చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలను, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాలను, ఉదయపు ఎండలో చూడాలి, కాబట్టి దీవి మీద ఫలహారం ముగించి వెంటనే బయలుదేరితే సరిపోతుంది. ఆ గుడి వెనుక కూడా ఒక చెరువుంది. గుడి కట్టించినవారు చెరువు కూడా తవ్వించడం కాకతీయుల నాటి అలవాటు కనుక, లక్నవరం చూసిన కళ్ళతో రామప్పను చూస్తే రెండూ ఒకే ఆలోచన నుంచి పుట్టినవని తెలుస్తుంది.

శని, ఆదివారాల్లో గానీ, దసరా, దీపావళి సెలవుల్లో గానీ వెళ్ళదలిస్తే పైన రాసినదానిలో సగమే దక్కుతుంది, ఎందుకంటే ఆ రోజుల్లో పక్క కాటేజీల సందడి రాత్రి కూడా సద్దుమణగదు. మంగళ, బుధ, గురువారాల్లో సెలవు పెట్టుకోగలిగినవారు, పెద్ద గుంపుగా కాక ఇద్దరు ముగ్గురుగా వెళ్ళేవారు, కనీసం నెల ముందు గది చూసుకుని బయలుదేరవచ్చు.