చేతిరాత ఫాంటా, చేయితిరిగిన ఆర్టిస్టా?

బెంగళూరులో మనవాళ్లు పచ్చళ్ల వ్యాపారమో కర్రీ పాయింటో మొదలుపెడితే, పేరు చేత్తో రాసినట్టు ఉండాలని అడుగుతారు. దానికి దారులు రెండు.

ఖర్చు: ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవి ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఆర్టిస్టుకు ప్రతి పేరుకూ డబ్బివ్వాలి.

శ్రమ: ఫాంటుతో లేబుళ్లన్నీ ఒక్కపూటలో అవుతాయి. ఆర్టిస్టుతో స్కెచ్చులు, మార్పులు, ఎదురుచూపులు.

అందం: అసలు తేడా ఇక్కడే. చేతిరాతలో ఏ అక్షరమూ రెండుసార్లు ఒకేలా పడదు. ఫాంటులో ‘అమ్మమ్మ’ అని కొట్టి చూడండి, రెండు ‘మ్మ’లూ అచ్చు గుద్దినట్టుంటాయి. ఒకే అక్షరానికి ప్రత్యామ్నాయ రూపాలున్న ఫాంటయితేనే ఆ బాధ తప్పుతుంది. పైగా మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచకపోతే ఒకదాన్నొకటి తగులుతాయి. మంచి ఆర్టిస్టు వత్తును కాస్త జరిపి, ఉన్న ఖాళీలోనే ఒదిగిస్తారు. నాకు ఆ పనంటే ఎంతో ఇష్టం.

రిస్క్: అదే ఫాంటు పక్కవాళ్ల సీసా మీదా కనబడొచ్చు. ఆర్టిస్టు దగ్గర వెక్టర్ ఫైలు (ఎంత పెంచినా చెదరనిది) తీసుకోకపోతే పెద్ద బోర్డుకు ఇబ్బంది.

కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి. కాబట్టి రెండు లిపులూ జోడీ కుదరాలి. బలూ అనే ఫాంట్ల కుటుంబంలో కన్నడకు బలూ తమ్మ, తెలుగుకు బలూ తమ్ముడు ఉన్నాయి. చేతిరాత కాకపోయినా గుండ్రంగా, ఆప్యాయంగా ఉంటాయి.

ఏళ్లపాటు నిలిచే పేరుకు ఆర్టిస్టే మేలు. రోజూ మారే మెనూకు, వాట్సాప్ పోస్టర్లకు ఫాంటు చాలు. పదార్థాల జాబితాకూ, ఎక్స్‌పైరీ తేదీకీ మాత్రం చేతిరాత వద్దు, మండలి లాంటి సాదా ఫాంటు పెట్టండి.