ల్యాప్‌టాప్‌కు వంక పెట్టను, పేచీ అంతా పవర్ బటన్‌తోనే

కొని రెండేళ్లు దాటింది. ప్రాసెసర్, ర్యామ్, స్క్రీన్ గురించి అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవల్లా కీబోర్డులో కుడివైపు పైమూల, డిలీట్ కీ పక్కనే ఇరికించిన పవర్ బటన్ గురించే.

కొత్తలో దాన్నే తెగ మెచ్చుకున్నాను. ఒకసారి నొక్కితే స్క్రీన్ ఆరిపోతుంది, మళ్లీ నొక్కితే వదిలిన చోటే ఫోన్‌లా టక్కున లేస్తుంది. ఇంకేం కావాలి అనుకున్నా.

నాది ఆడిట్ పని, ఊళ్లు తిరగాలి. ఓ పొద్దున గుంటూరు నుంచి ఒంగోలు బయల్దేరుతూ బటన్ నొక్కి, స్క్రీన్ ఆరాకే బ్యాగులో పెట్టి జిప్పు వేశాను. చిలకలూరిపేట దాటాక ఒళ్లో ఉన్న బ్యాగు వెచ్చగా తగిలింది. చెవి ఆనిస్తే లోపల ఫ్యాను హోరు. బయటికి తీస్తే అడుగున చెయ్యి పెట్టలేనంత వేడి, బ్యాటరీ సగం పైన ఖాళీ. మామూలుగా నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బటన్ అదిమి పట్టుకుంటే గానీ ఆగలేదు. ఆటోసేవ్ పుణ్యమా అని ఎక్సెల్ షీటు దక్కింది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే బ్యాటరీ మార్చమన్నారు. బ్యాటరీ ఏం పాపం చేసింది?

మెషీన్‌లో ఏయే రకాల స్లీప్ ఉన్నాయో చూపే కమాండ్ ఒకటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ (powercfg /a) అని కొట్టాలి. కొడితే అసలు సంగతి బయటపడింది. దాదాపు ర్యామ్‌కు మాత్రమే కరెంటు అందే పాత స్లీప్, అదే ఎస్3, ఈ మెషీన్‌లో లేనే లేదు. ఉన్నది ఎస్0, మైక్రోసాఫ్ట్ వాళ్ల మోడర్న్ స్టాండ్‌బై. ఇది కోడికునుకు. స్క్రీన్ ఆరినా మెయిల్ అనో అప్‌డేట్ అనో లోపల మధ్యమధ్యలో లేస్తూనే ఉంటుంది. పాతకాలం డెస్క్‌టాప్‌ల ఏటీ క్యాబినెట్లలో స్విచ్ కొడితే కరెంటే తెగేది. 1996లో కరెంటు వ్యవహారాన్ని విండోస్ లాంటి వాటి చేతికిచ్చే ఏసీపీఐ అనే ప్రమాణం వచ్చాక బటన్ విండోస్‌కు కబురు పంపి ఊరుకుంటుంది, ఆపైన ఏం చేయాలో సెట్టింగుల్లో ఏముంటే అది. నాలుగు సెకన్లకు పైగా పట్టుకుంటేనే విండోస్‌ను అడక్కుండా ఆపేస్తుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి బటన్‌కీ, మూతకీ హైబర్నేట్ పెట్టాను, అంటే తెరిచి ఉన్నదంతా డిస్కులో దాచి మెషీన్ పూర్తిగా ఆగిపోతుంది. అప్పట్నుంచి బ్యాగు చల్లగానే ఉంటోంది. కాకపోతే నేను మురిసిపోయిన ఆ టక్కున లేవడం పోయింది. పైగా డిలీట్ కొట్టబోతే వేలు దీని మీద పడుతుంది, అంతే, మెషీన్ మొత్తం పడుకుని లేచేదాకా క్లయింటు ముందు దిక్కులు చూడాలి.

అక్కడే ఫాస్ట్ స్టార్టప్ టిక్కు కూడా తీసేశాను. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ కెర్నెల్, అంటే దాని గుండెకాయ, డిస్కులో దాక్కుని మళ్లీ అదే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అది కొత్తగా మొదలవుతుంది. మొరాయించిన ప్రింటర్ షట్‌డౌన్‌తో దారికి రాక, రీస్టార్ట్‌తో ఎందుకు వచ్చేదో అప్పుడర్థమైంది.

మా తమ్ముడిదీ ఇదే మోడల్. టేబుల్ మీంచి కదలదు, ఛార్జర్ తీయడు, వాడికి ఏ కంప్లయింటూ లేదు. అలా వాడేవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. నాలా రోజూ బస్సెక్కేవాళ్లయితే, షాపువాడు ఏమనుకున్నా సరే, డిస్‌ప్లేలో పెట్టిన పీస్ మీద ఆ పవర్‌సీఎఫ్‌జీ కమాండ్ కొట్టి ఎస్3 ఉందో లేదో చూసుకోండి.