స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కు స్కోప్ కొనబోయేవారికి కడప నుంచి ఒక హెచ్చరిక

పెట్టె మీద జింక బొమ్మ వేసి, "వేటకు, గురి సాధనకు, అన్ని రకాల తుపాకులకు" అని రాసి ఉన్న స్కోప్‌ను, అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణిని, కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు పది నిమిషాలు ఆగి ఇది చదవండి. 6,800 రూపాయలు, రెండు డబ్బాల పెల్లెట్లు (సీసపు గుళ్లు), మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాక రాస్తున్నాను.

నేను కడపలో ప్రైవేటు సర్వేయర్ని. నా కొలత పరికరాలు మొదట థియోడొలైట్, తర్వాత ఆటో లెవెల్, ఇప్పుడు టోటల్ స్టేషన్. ఇరవై ఏళ్లుగా ఒక కన్ను మూసుకుని క్రాస్‌హెయిర్లు (దుర్భిణిలో కనిపించే గురి గీతలు) చూస్తూనే బతుకుతున్నాను. అలాంటి నాకే టోపీ వేశారంటే చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ కిందటి వారం మా పక్క వీధి కుర్రాడొకడు అదే స్కోప్ ఫోటో చూపించి "తీసుకోమంటారా సార్?" అని అడిగాడు. ఇక సిగ్గు పక్కన పెట్టక తప్పలేదు.

నా దగ్గర ఉన్నది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. గొట్టాన్ని కిందికి వంచి స్ప్రింగు ఎక్కించే రకం. మా మేనమామ నిమ్మతోటలో ఇసుక మూటలు పేర్చి, వాటి ముందు అట్టపెట్టెకు కాగితం అంటించి 20 మీటర్ల నుంచి కొట్టుకోవడం నా ఆదివారపు కాలక్షేపం. మామకు మాత్రం వేరే ఆశ. వేరుశనగ చేలో పడే అడవి పందుల మీద దీని ప్రతాపం చూపించమంటాడు. "దుర్భిణి కూడా బిగించావు కదా అల్లుడూ, ఇంకేం కావాలి?" అంటాడు. ఆ చిన్న సీసపు గుండు పందిని చంపదు, పుండు చేసి వదులుతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటుంది. అనుమతి లేకుండా అడవి జంతువును కొడితే, కొట్టింది ఎయిర్‌గన్‌తోనే కదా అని ఎవరూ వదిలిపెట్టరు. పెట్టె మీది జింక బొమ్మ, వేటకు అనుమతి ఉన్న దేశాల కోసం వేసింది. నన్ను ముంచింది కూడా ఆ బొమ్మే. ఎలాగో చెబుతాను.

స్కోప్ ఆన్‌లైన్‌లో కొన్నాను. అమ్మినవారి పేరు రాయను. అదే సరుకు నాకు నాలుగు పేర్లతో కనిపించింది కాబట్టి పేరు తెలిసినా మీకు పెద్ద లాభం లేదు. 3-9×40 అని ఉంది. అంటే వస్తువును మూడు నుంచి తొమ్మిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 40 మిల్లీమీటర్లు. కటకం కెంపులా ఎర్రగా మెరుస్తుంటే ముచ్చటపడ్డాను. ఎర్ర కాంతిని బయటికి తిప్పికొడుతుంది కాబట్టే ఆ మెరుపు. కంటికి చేరే బొమ్మ ఆ మేరకు నీలిగా కనిపిస్తుంది. ఆ మాత్రం నాకు తెలియక కాదు, ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

మొదటి ఆదివారం అద్భుతం. పది గుళ్లు కొడితే పదీ రూపాయి బిళ్ల కింద దాగాయి. మామకు కాగితం చూపించి మీసం మెలేశాను. రెండో ఆదివారం అదే కాగితం, అదే దూరం, గుళ్లు మాత్రం ఎడమకు జారాయి. స్కోప్ పక్కన గురిని జరపడానికి ఉన్న మర తిప్పి సరిచేశాను. కుడికి రాలేదు, ఇంకో నాలుగు గుళ్ల తర్వాత ఉన్నట్టుండి కుడికి దూకాయి. మళ్లీ తిప్పాను. ఈసారి పైకి. "చేతులు వణుకుతున్నట్టున్నాయి అల్లుడూ, షుగరు చూపించుకో" అన్నాడు మామ. నిజంగానే చూపించుకున్నాను. బాగానే ఉంది.

తర్వాత ఎండను అనుమానించాను. తోటలో కళ్లం నిండా కడప బండలు పరిచి ఉన్నాయి. పదకొండు దాటితే వాటి మీద గాలి మరుగుతున్నట్టు అల్లాడుతుంది, తొమ్మిది రెట్లు పెంచి చూస్తే కాగితం మీది చుక్క నీళ్లలో తేలుతుంది. అందుకని తెల్లవారుజామునే వెళ్లాను. గుళ్ల తీరు మారలేదు.

మూడో వారం బుద్ధి వచ్చి, తుపాకీని పక్కన పెట్టి నాకు తెలిసిన పని చేశాను. స్కోప్‌ను చెక్క ముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించాను. 20 మీటర్ల దూరంలో లెవెలింగ్ స్టాఫ్ (అంకెలు గీసిన సర్వే కొలబద్ద) నిలబెట్టాను. మర మీద "ఒక క్లిక్కుకు పావు మినిట్" అని రాసి ఉంది. మినిట్ అంటే ఇక్కడ కోణం, డిగ్రీలో అరవయ్యో వంతు. ఆ లెక్కన 20 మీటర్లలో ఒక్కో క్లిక్కుకు అడ్డగీత ఒకటిన్నర మిల్లీమీటరు కదలాలి. 40 క్లిక్కులకు సుమారు 58 మిల్లీమీటర్లు. తిప్పడం మొదలుపెట్టాను. పన్నెండు క్లిక్కుల దాకా గీత స్టాఫ్ మీద ఉన్నచోటే ఉంది. టక్ టక్‌మని చప్పుడు మాత్రం వస్తోంది. పదమూడో క్లిక్కుకు ఒక్కసారిగా మూడు సెంటీమీటర్లు జారింది. స్క్రూడ్రైవర్ పిడితో స్కోప్ గొట్టాన్ని మెల్లగా తట్టాను. మరను ముట్టుకోకుండానే గీత ఇంకో సెంటీమీటరు దిగింది. లోపల కటకాలను మోసే చిన్న గొట్టం, దాన్ని నొక్కి పట్టే స్ప్రింగు వదులైపోయాయన్నమాట. గుళ్లు జారిన ఆ రెండో ఆదివారానికే, అంటే వచ్చిన పన్నెండో రోజుకే.

ఎందుకు వదులయ్యాయో తెలుసుకోవాలంటే స్ప్రింగ్ ఎయిర్‌గన్ తన్నే తీరు తెలియాలి. మందుగుండు రైఫిల్ వెనక్కి ఒక్క తన్ను తంతుంది. వేట స్కోపుల్లో చాలావాటిని ఆ తన్నును ఓర్చుకునేలా కడతారు. స్ప్రింగ్ గన్‌లో బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంటే తుపాకీ వెనక్కి జరుగుతుంది, పిస్టన్ చివర తగిలి ఆగగానే తుపాకీ ఝాడించినట్టు ముందుకు ఊగుతుంది. భుజానికి చిన్న కుదుపులాగే ఉంటుంది గానీ, లోపలి కటకాలకు అది రెండు వైపుల నుంచీ సుత్తి దెబ్బ. పెద్ద రైఫిల్ మీద ఏళ్లు పనిచేసే స్కోప్ కూడా దీని మీద పాడైపోవచ్చు. "పెద్ద తుపాకీకే ఆగింది, ఎయిర్‌గన్‌కు ఆగదా?" అనే మాట నమ్మకండి. అమ్మినవారు నాతో అదే అన్నారు.

రెండో మోసం ముందు కటకం చుట్టూ ఉన్న రింగుది. దాని మీద 10, 25, 50, 100 గజాలు అని అంకెలు ఉన్నాయి. నిజమైన దానిలో ఆ రింగు తిప్పితే పారలాక్స్ పోవాలి. అంటే కన్ను పైకీ కిందికీ కదిపినా గీత గుర్తు మీదే ఉండాలి. సర్వే నేర్చుకునేవాడికి మొదటి వారమే నేర్పే పాఠం ఇది. వేట స్కోపులను సాధారణంగా 100 గజాలకు కుదిర్చి పంపుతారు కాబట్టి 20 మీటర్లలో కన్ను కాస్త పక్కకు జరిగితే గురి సెంటీమీటరు దాకా తప్పుతుంది. నా స్కోప్‌లో ఆ రింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా తేడా రాలేదు. అది అలంకారానికి పెట్టిన రింగు!

కాబట్టి కొనేముందు అమ్మేవారిని సూటిగా ఒక్కటే అడగండి: "ఇది స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కు ప్రత్యేకంగా చేసినదేనా, వారంటీ కాగితం మీద ఆ మాట రాసి ఇస్తారా?" నోటిమాట వద్దు. మీ రైఫిల్ మీద స్కోప్ బిగించే గాడి ఎంత వెడల్పో కొలుచుకోండి. ఎయిర్‌గన్‌లకు మామూలుగా 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, నాకు పంపిన మౌంట్ రింగులేమో (స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచేవి) 20 మిల్లీమీటర్ల పట్టాకు సరిపోయేవి. వేరే కొనవలసి వచ్చింది. రింగులో వెనక్కి జారకుండా ఆపే పిన్ను ఉందో లేదో చూడండి. లేకపోతే ప్రతి దెబ్బకూ మౌంట్ గోరంత గోరంత వెనక్కి జారుతుంది.

బిగించేటప్పుడు నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, దాచను. కదలకూడదని రింగు స్క్రూలను బలమంతా పెట్టి తిప్పాను, స్కోప్ గొట్టం మీద గాట్లు పడ్డాయి. ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండు పక్కలా సందు సమానంగా ఉంచితే చాలు. బిగించేముందే పైమర, పక్కమర రెండింటినీ ఈ కొస నుంచి ఆ కొసకు లెక్కపెట్టి సగానికి తెచ్చుకోండి. వంచే గొట్టం ఉన్న రైఫిళ్లలో కొన్నింటికి మూసినా గొట్టం రవ్వంత కిందికి చూస్తుంది. అప్పుడు పైమర చివరిదాకా తిప్పితే తప్ప గురి కుదరదు. చివర్లో లోపలి స్ప్రింగుకు బిగువు తగ్గి, మంచి స్కోప్ కూడా తిరుగుబోతు అవుతుంది. దానికి వెనక పక్క కొంచెం ఎత్తుగా ఉండే మౌంట్ తీసుకోవాలి, మరతో కుస్తీ పట్టకూడదు. ఇంకో మాట, బండకో గోడకో ఎదురుగా కొట్టకండి. గుండు తిరిగి వస్తుంది.

ఇక అమ్మినవారి సంగతి. వాపసు గడువు ఏడు రోజులు, నా స్కోప్ చెడింది పన్నెండో రోజు. ఫోన్ చేస్తే మొదట "సార్, గ్లాసు క్లియర్‌గానే ఉంది కదా" అన్నారు. స్టాఫ్ ముందు తీసిన వీడియో పంపితే, రింగు గాట్లు చూపించి "మీరే నలిపేశారు" అన్నారు. గాట్లు నావే, ఒప్పుకుంటాను. మరి తిప్పినా ఏమీ మారని ఆ ముందు రింగును కూడా నేనే నలిపానా? దానికి జవాబు లేదు. అక్కడ ఐదు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలన్నీ మళ్లీ చదివాను. ఎక్కువమంది పెట్టె విప్పిన రోజే రాసినవారు. "ప్యాకింగ్ సూపర్" అట. రెండు వందల గుళ్లు కొట్టాక రాసినవారు ఒక్కరూ కనిపించలేదు.

అందుకే వచ్చిన రోజే, పెట్టె విప్పడం దగ్గర నుంచి వీడియో తీయండి. ఇంట్లో లెవెలింగ్ స్టాఫ్ ఉండదు కాబట్టి గోడకు సెంటీమీటర్ల టేపు అంటించినా సరిపోతుంది. మర తిప్పి, తిరిగి అన్నే క్లిక్కులు వెనక్కి తిప్పి, గీత మొదటి చోటికే వచ్చిందో లేదో చూడండి. వాపసు గడువు లోపలే కనీసం వంద గుళ్లు కొట్టి ఈ పరీక్ష మళ్లీ చేయండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. రెండేళ్ల లోపు వేయవచ్చు కాబట్టి తొందరేమీ లేదు.

ప్రస్తుతం తుపాకీ మీద వచ్చిన ఇనుప గురినే వాడుతున్నాను. దూరం 15 మీటర్లకు తగ్గించుకున్నాను. స్కోప్ నా సర్వే పెట్టెలో పడి ఉంది. మంచి ధర ఇస్తాం, అమ్ముతారా అని ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు.